మూడో సీడీతో మొదలుపెట్టండి: జాయ్ డివిజన్ 'హార్ట్ అండ్ సోల్' బాక్స్ సెట్

నాలుగు సీడీలు, 81 ట్రాకులు, ఒక లావుపాటి బుక్‌లెట్. మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్ 1977 చివరి నుంచి 1980 మే దాకా చేసిన రికార్డింగుల్లో ముఖ్యమైనవన్నీ ఒకచోట చేర్చి 1997లో విడుదల చేసిన బాక్స్ సెట్ ఇది. పేరు 'హార్ట్ అండ్ సోల్'. నా చేతికొచ్చింది సెకండ్ హ్యాండ్ కాపీ. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా బావ దసరాకి ఇంటికొస్తూ, అక్కడి పాత రికార్డుల షాపులో 22 పౌండ్లు పెట్టి కొనుక్కొచ్చాడు. అట్ట ఒక మూల నలిగింది కానీ సీడీల మీద ఒక్క గీత లేదు. "గీ పాత డబ్బాకు గన్ని పైసలు పెట్టినవా?" అని మా అత్తమ్మ బావని గట్టిగానే అడిగింది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత దొరికిన గొప్ప కానుక.

మొదటి సీడీ, రెండో సీడీ పక్కన పెట్టి ముందు మూడోది వినండి. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

నేను హనుమకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. డ్యూటీ అయ్యాక, ఆదివారాలు, మా నలుగురి బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తాను. పాటలు తెలుగువి, సంగీతం పోస్ట్-పంక్. కాలేజీ ఫెస్టులకి, చిన్న చిన్న హాళ్లలో ప్రోగ్రాములకి కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్ తిరుగుతుంటాం. కాబట్టి ఈ సెట్‌ని నేను విన్నది రికార్డులు పోగుచేసే మనిషిగా కాదు. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) మోసే మనిషిగా, డ్రమ్మర్ కోసం వెతికిన మనిషిగా విన్నాను.

పోస్ట్-పంక్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. 1976లో ఇంగ్లండ్‌లో పంక్ అనే రాక్ సంగీతం ఊపందుకుంది. గిటార్ మీద మూడు కార్డ్‌లు (స్వరాల కలయికలు) వస్తే చాలు, ఎవరైనా స్టేజీ ఎక్కొచ్చు అని వేలమంది పిల్లలకి ధైర్యం ఇచ్చింది. అలా ఎక్కినవాళ్లలో కొందరికి కొద్దికాలానికే ఆ వేగం, ఆ అరుపు చాలలేదు. గిటార్‌ని పలచన చేశారు, బేస్‌ని ముందుకు తెచ్చారు, వాయిద్యాల మధ్య ఖాళీ వదిలారు, డ్రమ్స్ పాటంతా ఒకే పట్టు మీద నడవాలన్నారు. జాయ్ డివిజన్‌లో ఈ మార్పు మొత్తం మూడేళ్ల లోపే జరిగిపోయింది. మూడో సీడీలో అది తేదీల వరసలో వినిపిస్తుంది.

ఆ వరస అర్థం కావాలంటే ముందు ఆ బ్యాండ్ ఎలా కుదిరిందో తెలియాలి.

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ ప్రోగ్రాం జరిగింది. సాల్ఫర్డ్‌లో కలిసి చదువుకున్న బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ దానికి వెళ్లారు. మర్నాడే హుక్ వాళ్లమ్మ దగ్గర 35 పౌండ్లు అప్పు తీసుకుని బేస్ కొన్నాడు. సమ్నర్ గిటార్ పట్టాడు. వాళ్లతో ఉన్న స్నేహితుడు టెర్రీ మేసన్ డ్రమ్స్ నేర్చుకుంటానన్నాడు. సింగర్ కావాలని రికార్డుల షాపులో ప్రకటన పెడితే ఇయాన్ కర్టిస్ వచ్చాడు. అప్పటికే అతనితో పరిచయం ఉంది, అందుకని పాడించి చూడకుండానే తీసుకున్నారు. ముగ్గురూ కుదిరారు. ఇక డ్రమ్స్ దగ్గర కష్టాలు మొదలయ్యాయి.

మేసన్‌కి డ్రమ్స్ అబ్బలేదు. అయినా అతను వెళ్లిపోలేదు. కొన్నాళ్లు మేనేజర్‌గా ఉన్నాడు, ఆ తర్వాత సామాన్లు, వైర్లు చూసుకుంటూ వాళ్లతోనే తిరిగాడు. నాకు ఈ మనిషంటే చాలా గౌరవం. 1977 మే 29న ఎలక్ట్రిక్ సర్కస్ అనే చోట బ్యాండ్ మొదటి ప్రోగ్రాం ఇచ్చింది. అదే రాత్రి బజ్‌కాక్స్, పెనెట్రేషన్ అనే బ్యాండ్లు, కవి జాన్ కూపర్ క్లార్క్ కూడా ఉన్నారు. డ్రమ్స్ మీద కూర్చున్న టోనీ టబాక్ బ్యాండ్‌లో చేరి అప్పటికి రెండు రోజులే. బ్యాండ్ పేరు కూడా చివరి నిమిషంలోనే ఖాయమైంది. ప్రచారంలో స్టిఫ్ కిటెన్స్ అని ఉంటే, స్టేజీ ఎక్కేసరికి వార్సా అయింది.

జూన్‌లో టబాక్ పోయి స్టీవ్ బ్రదర్‌డేల్ వచ్చాడు. అతను పానిక్ అనే ఇంకో బ్యాండ్‌లో కూడా వాయించేవాడు. ఇయాన్‌ని కూడా అటు లాక్కుపోవాలని చూశాడు. జులైలో ఓల్డమ్‌లోని పెనైన్ స్టూడియోలో ఐదు పాటల డెమో చేసుకున్నారు. తిరిగి కారులో వస్తుంటే దారిలో ఆపి, టైరు గాలి పోయినట్టుంది, దిగి చూడు అన్నారు. అతను దిగాడు. వీళ్లు కారు పోనిచ్చేశారు. బ్రదర్‌డేల్‌ని బ్యాండ్‌లోంచి తీసేసిన పద్ధతి ఇది. ఈ బ్యాండ్ అభిమానులు దీన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. పడకపోతే పడలేదని చెప్పాలి. ఒకసారి స్టేజీ పంచుకున్న మనిషికి మొహం మీద మాట చెప్పడం కనీస మర్యాద. వాళ్లకప్పుడు ఇరవై, ఇరవై ఒకటేళ్లు. ఆ వయసులో ఎదుటి మనిషితో "నువ్వొద్దు" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా నా అభిప్రాయం మారదు.

ఆగస్టులో మళ్లీ ఒక మ్యూజిక్ షాపు అద్దం మీద ప్రకటన. దానికి స్పందించింది ఒకే ఒక్కడు, స్టీఫెన్ మోరిస్. మాకిల్స్‌ఫీల్డ్ కుర్రాడు, ఇయాన్ చదివిన బళ్లోనే చదివాడు. పదిమందిలో ఏరి తీసుకున్నది కాదు, వచ్చినవాడే సరిపోయాడు. ఆ తర్వాత ఆ నలుగురిలో ఇంకెవరూ మారలేదు. లండన్‌లో వార్సా పాక్ట్ అనే బ్యాండ్ ఉండటంతో 1978 మొదట్లో పేరు జాయ్ డివిజన్‌గా మార్చుకున్నారు. జనవరి 25న మాంచెస్టర్‌లోని పిప్స్ డిస్కోలో కొత్త పేరుతో మొదటి ప్రోగ్రాం. కొత్త పేరు ఎవరికీ తెలియదు కదా, జనం రావాలని ప్రచారం మాత్రం వార్సా పేరు మీదే చేశారు.

ఇప్పుడు మూడో సీడీ పెట్టండి. మొదటి నాలుగు పాటలు 1977 డిసెంబర్‌లో అదే పెనైన్ స్టూడియోలో రికార్డు చేసినవి. మోరిస్ చేరి అప్పటికి నాలుగు నెలలు. మొదటి పాట పేరే 'వార్సా'. గిటార్ కోసుకుపోతుంది, ఇయాన్ ఇంకా తన లోతు గొంతులోకి దిగలేదు, అరుస్తున్నాడు. ఇది ఎవరైనా వాయించగల పంక్ అనిపిస్తుంది. వెంటనే రెండో పాట 'నో లవ్ లాస్ట్' వస్తుంది. గొంతు రావడానికి ముందు చాలాసేపు వాయిద్యాలే నడుస్తాయి. ఎవరూ తొందరపడరు. డ్రమ్స్ ఒక పట్టు పట్టుకుని కదలకుండా కూర్చుంటే మిగతా ఇద్దరికీ ఎక్కడికైనా వెళ్లి రాగల ధైర్యం వచ్చింది. ఈ రెండు పాటలూ ఒకే స్టూడియోలో ఒకే నెలలో చేసినవే. మొదటిది విడిచిపెడుతున్న ఇల్లు, రెండోది వెళ్తున్న ఊరు. నా మటుకు ఈ బాక్స్ విలువంతా ఈ రెండు పాటల మధ్యే ఉంది.

మా బ్యాండ్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మా మొదటి డ్రమ్మర్‌కి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మొదట్లో శనివారాలు కాజీపేట స్టేషన్‌లో దిగి నేరుగా రిహార్సల్‌కి వచ్చేవాడు. తర్వాత నైట్ షిఫ్టులు పడ్డాయి. రెండో డ్రమ్మర్ తమ్ముడు పెళ్లిళ్ల బ్యాండ్‌లో ప్యాడ్ వాయించేవాడు. చాలా మంచి చెయ్యి. కానీ ముహూర్తాలు మొదలైతే దొరకడు. దొరకమని అడిగే హక్కు కూడా మాకు లేదు, ఒక్క పెళ్లి రాత్రికి వాళ్లిచ్చేది మేం ఏ ప్రోగ్రాముకీ ఇవ్వలేం. మాఘమాసంలో ఫెస్టులూ పెళ్లిళ్లూ ఒకేసారి వచ్చిపడతాయి. అలా ఒక ఏడాది ఫిబ్రవరి అంతా మా పాటలు ఫోన్‌లో పెట్టుకున్న డ్రమ్ మెషీన్‌తోనే వాయించాం.

ఇప్పుడున్న డ్రమ్మర్ తమ్ముడిది హసన్‌పర్తి దగ్గర పల్లె. వాళ్ల నాన్న డప్పు వాయిస్తారు, వీడు చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన నిలబడి వాయించినవాడు. డ్రమ్ కిట్ మీద కూర్చున్న కొత్తలో నేను జాయ్ డివిజన్ పాటలు పంపితే, "అక్కా, గీయన తిప్పుడు ఏం లేదు, ఒక్క తీరుగనే కొడుతుండు" అన్నాడు. తర్వాత ఒక రోజు రిహార్సల్ రూమ్‌లో 'షీజ్ లాస్ట్ కంట్రోల్' పెట్టాను. మామూలుగా డ్రమ్మర్ కుడిచెయ్యి హై-హ్యాట్ (జంట తాళాలు) మీద టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఈ పాటలో ఆ టిక్కు టిక్కు వెనక్కి పోతుంది. దెబ్బలు టామ్‌లనే డ్రమ్ముల మీద, ఒక ఎలక్ట్రానిక్ డ్రమ్ మీద, గుండ్రంగా తిరిగి తిరిగి మొదటికే వస్తాయి. వాడు సగం పాట విని స్టిక్స్ తీసుకున్నాడు. "అక్కా, గిది దరువే" అన్నాడు. కుడిచేతి స్టిక్‌తో చిర్ర దెబ్బలా బరువుగా, ఎడమచేత్తో చిటికెన పుల్లలా సన్నగా, రెండు టామ్‌ల మీద వాయించి చూపించాడు. మోరిస్ వాయించినట్టు లేదు, కానీ పాట నిలబడింది. ఆ రోజు నుంచి మా పాటల్లో హై-హ్యాట్ తగ్గిపోయింది. నేను వాయించే బేస్ కూడా మారింది.

బేస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బ్యాండ్‌ని చాలామంది గుర్తుపట్టేది బేస్‌తోనే. పీటర్ హుక్ బేస్‌ని గిటార్‌లా పై స్వరాల్లో వాయిస్తాడు. అదేదో పెద్ద ఆలోచనతో మొదలైంది కాదు. రిహార్సల్‌లో సమ్నర్ ఆంప్ మోత ఎక్కువ. కింది స్వరాలు వాయిస్తే హుక్‌కి తన ఆంప్‌లోంచి తనకే ఏమీ వినపడేది కాదు. పైకి వెళ్తే వినపడింది. ఇయాన్‌కి ఆ ధ్వని నచ్చి, అలాగే వాయించమన్నాడు. మంచి ఆంప్ కొనే డబ్బు ఉండి ఉంటే ఆ ధ్వని పుట్టేదో లేదో. సమ్నర్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) కూడా ట్రాన్సెండెంట్ 2000 అనే కిట్ తెచ్చి, భాగాలు తనే సోల్డర్ చేసుకుని తయారుచేసింది. హనుమకొండలో పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూడో సీడీలో ముందుకెళ్తే 1978 మేలో చేసిన రికార్డింగులు వస్తాయి. ఒక పెద్ద కంపెనీ కోసమని ఆల్బం అంతా రికార్డు చేశారు. నిర్మాత వీళ్లని అడక్కుండా పైన సింథసైజర్ అద్దాడు. వీళ్లకి అది నచ్చలేదు, ఆల్బం పక్కన పెట్టేశారు. వాటిలో ఒకటి 'ఇంటర్‌జోన్'. ఇదే పాట 1979 ఏప్రిల్‌లో మార్టిన్ హానెట్ నిర్మాతగా స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో చేసిన రూపంలో మొదటి సీడీలో ఉంది. రెండూ వెంటవెంటనే వినండి. 1978ది ఒక గదిలో నలుగురు గట్టిగా వాయిస్తుంటే మైకు పెట్టినట్టు ఉంటుంది. 1979దాంట్లో గది కనిపించకుండా పోయింది, ప్రతి వాయిద్యానికీ చుట్టూ చీకటి, మధ్యలో దూరం. బ్యాండ్‌కి ఆ ఆల్బం ధ్వని మొదట్లో నచ్చలేదు, స్టేజీ మీద వాళ్లు వాయించే మోత దాంట్లో లేదని హుక్, సమ్నర్ ఇద్దరూ చెప్పారు. నేను హానెట్ వైపు. స్టేజీ మోత స్టేజీ మీద బాగుంటుంది. ఇంట్లో రాత్రి పదకొండింటికి వినేవాళ్లకి ఆ దూరం కావాలి.

ఇక తిరగడం గురించి. ఈ నలుగురూ 1979 చివరి దాకా ఉద్యోగాలు చేస్తూనే బ్యాండ్ నడిపారు. ఇయాన్ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో వికలాంగులకి ఉద్యోగాలు చూసిపెట్టే పని చేసేవాడు. హుక్ మాంచెస్టర్ షిప్ కెనాల్ కంపెనీలో, సమ్నర్ ఒక యానిమేషన్ స్టూడియోలో. సాయంత్రం వ్యాన్‌లో బయల్దేరడం, ప్రోగ్రాం, రాత్రంతా ప్రయాణం, పొద్దున మళ్లీ డ్యూటీ. 1979 అక్టోబర్‌లో బజ్‌కాక్స్‌తో 24 చోట్ల టూరు కుదిరాకే ఉద్యోగాలు మానేశారు. రెండున్నరేళ్ల కిందట మొదటి ప్రోగ్రాం ఏ బ్యాండ్‌తో కలిసి ఇచ్చారో, ఆ బ్యాండ్‌తోనే!

మాకు కరీంనగర్ 70 కిలోమీటర్లే. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా పోయి రావచ్చు. నిజామాబాద్ అలా కాదు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి వెళ్లాలి. ప్రోగ్రాం పదింటికి అయిపోయినా, సామాను సర్దుకుని, తిని, బయల్దేరేసరికి పన్నెండవుతుంది. పొద్దున ఏడింటికి నేను ల్యాబ్‌లో ఉండాలి, ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వడానికి పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటారు. అందుకే బుక్‌లెట్‌లో ఈ తేదీలు చదువుతుంటే నా ఒంటికి తెలిసిన అలసట గుర్తొచ్చింది.

1978 డిసెంబర్ 27న ఈ బ్యాండ్ మొదటిసారి లండన్‌లో, హోప్ అండ్ యాంకర్ అనే పబ్‌లో వాయించింది. వచ్చినవాళ్లు బాగా తక్కువ. సమ్నర్‌కి ఫ్లూ. తిరుగు ప్రయాణంలో కారులోనే ఇయాన్‌కి పెద్ద ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి తీసుకెళ్లారు, కొద్దివారాల్లో మూర్ఛవ్యాధి అని తేలింది. నేను పనిచేసేచోట మూర్ఛకి మందులు వాడేవాళ్ల రక్తపరీక్షలు వస్తుంటాయి. డాక్టర్లు వాళ్లకి చెప్పే మొదటి జాగ్రత్త నిద్ర చెడగొట్టుకోవద్దని. కొందరికి మిణుకు మిణుకుమనే లైట్లు కూడా పడవు. ఒక బ్యాండ్ తిరుగుడు అంటే ఈ రెండే కదా, నిద్ర లేకపోవడం, కళ్లలోకి లైట్లు. అయినా ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అతను తిరుగుతూనే ఉన్నాడు. స్టేజీ మీదే ఫిట్స్ వచ్చిన రాత్రులున్నాయి. అతను చేతులు విసురుతూ ఆడే తీరు, ఫిట్స్ మొదలైన తీరు, చూసేవాళ్లకి తేడా తెలిసేది కాదు. 1980 మే 2న బర్మింగ్‌హామ్‌లో ఆఖరి ప్రోగ్రాం. మే 18న, అమెరికా టూరుకి బయల్దేరాల్సిన ముందురోజు, ఇయాన్ ప్రాణం తీసుకున్నాడు. 23 ఏళ్లు.

ఈ భాగం చదివాక మా బ్యాండ్‌లో ఒక నియమం పెట్టాం. నిజామాబాద్ అయినా ఆదిలాబాద్ అయినా, రాత్రి పన్నెండు దాటితే అక్కడే పడుకుని పొద్దున బయల్దేరడం. దానివల్ల ఒకటి రెండు ప్రోగ్రాములు వదులుకున్నాం. నేను ల్యాబ్‌లో షిఫ్ట్ మార్చుకుంటున్నాను. స్ట్రోబ్ లైట్లు పెట్టే చోట ముందే ఫోన్ చేసి వద్దని చెబుతున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరికి ఏముందో మనకి తెలియదు కదా.

నాలుగో సీడీ అంతా లైవ్. 1979 జులై 13న మాంచెస్టర్‌లోని ఫ్యాక్టరీ క్లబ్‌లో వాయించినవి ఎక్కువ భాగం. ఆ బజ్‌కాక్స్ టూరులోదే నవంబర్ 2 బోర్న్‌మత్ ప్రోగ్రాం నుంచి కొన్ని, 1980 ఫిబ్రవరి 29న లండన్ లైసియమ్‌లోవి కొన్ని. రికార్డింగ్ గొప్పగా లేదు. కొన్నిచోట్ల గొంతు ముందుకొచ్చి గిటార్ వెనక్కి పోతుంది, బుస వినిపిస్తుంది. నాకు అది అడ్డంకి కాలేదు. స్టూడియోలో నిదానంగా నడిచిన పాటలు ఇక్కడ పరిగెడతాయి. మోరిస్ ఆ పరుగులో కూడా పట్టు విడవడు. ఇంగ్లండ్‌లో ఏ ఊళ్లో ఏ తేదీన వాయించారో చూసుకుంటూ, మ్యాపు పక్కన పెట్టుకుని వినండి.

మొదటి రెండు సీడీల గురించి ఎక్కువ చెప్పను. 1979 జూన్‌లో వచ్చిన 'అన్‌నోన్ ప్లెజర్స్', 1980 జులైలో వచ్చిన 'క్లోజర్', రెండు ఆల్బంలూ పూర్తిగా ఉన్నాయి, వాటి చుట్టూ సింగిల్స్ ఉన్నాయి. గొప్ప సంగీతం. కానీ అవి ఫోన్‌లో కూడా దొరుకుతాయి, వాటి కోసమే అయితే బాక్స్ కొనక్కర్లేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. పెద్ద లోటు ఒకటి: 1977 జులైలో బ్రదర్‌డేల్ వాయించిన ఆ ఐదు డెమోలు ఇందులో లేవు. ఎంత పచ్చిగా ఉన్నా ఉండాల్సింది. మోరిస్ రాకముందు ఎలా ఉందో వినకపోతే, వచ్చాక ఏం మారిందో కొత్తగా వినేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పైగా కారులోంచి దింపేసిన మనిషిని పెట్టెలోంచి కూడా దింపేసినట్టుంది.

రెండోది బ్యాండ్ పేరు, మొదటి రికార్డు అట్ట. నాజీ శిబిరాల్లో ఆడవాళ్లని బానిసలుగా పెట్టిన విభాగం పేరు తీసుకుని బ్యాండ్‌కి పెట్టుకున్నారు. 1978 జూన్‌లో తెచ్చిన మొదటి రికార్డు అట్ట మీద హిట్లర్ యువదళం కుర్రాడు డ్రమ్ కొడుతున్న బొమ్మ వేశారు. వాళ్లు నాజీలు కారు, ఆ విమర్శకి తర్వాత చాలాసార్లు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఒక ఆడమనిషిగా ఆ పేరు నాకు ఎప్పుడూ సుఖంగా అనిపించదు. పాటలు ఎంత ఇష్టమైనా ఈ మాట అనకుండా ఉండలేను. ఆ రికార్డు మీద ఇంకో సాంకేతిక గొడవ కూడా ఉంది. నాలుగు పాటల్ని చిన్న ఏడంగుళాల రికార్డులో ఇరికించారు. రికార్డు మీది గాడులు దగ్గరదగ్గరగా పడితే ధ్వని తగ్గిపోతుంది. అదే అయింది. తర్వాత పన్నెండు అంగుళాల రికార్డుగా, వేరే అట్టతో మళ్లీ తేవాల్సి వచ్చింది. ఈ సీడీలో ఆ పాటలు శుభ్రంగా వినిపిస్తాయి, ఆ మేరకు సంతోషం.

మూడోది మూడో సీడీ ముగింపు. చివర రెండు రిహార్సల్ రికార్డింగులు ఉన్నాయి, 'సెరెమనీ', 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్'. రెండోది పాట మధ్యలోనే తెగిపోతుంది. సీడీ పాడైందేమో అని కంగారుపడకండి, ఈ సెట్‌లో ఉన్నదే అంత. పూర్తి రూపం 2011లో గానీ బయటికి రాలేదు. నలుగురిలో ఒకరు లేకపోతే ఆ పేరు వాడొద్దని ముందే అనుకున్నారు కాబట్టి, మిగిలిన ముగ్గురూ పేరు మార్చి న్యూ ఆర్డర్ అయ్యారు. 1980 అక్టోబర్‌లో గిలియన్ గిల్బర్ట్ కీబోర్డు, గిటార్‌తో చేరింది. ఈ రెండు పాటలే 1981లో న్యూ ఆర్డర్ మొదటి రికార్డుగా వచ్చాయి. పాడేవాడు పోయాక గొంతు విప్పడం సమ్నర్‌కి ఎంత కష్టమయ్యుంటుందో ఆ రికార్డులో తెలుస్తుంది. అది ఈ బాక్స్‌లో లేదు, విడిగా వినండి.

వినే సామాను గురించి ఒక మాట. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ డ్రైవులు ఉండటం లేదు. మా ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఉంది. దాని వెనక ఎరుపు, తెలుపు పిన్నుల నుంచి వైరు తీసి స్పీకర్లకి పెట్టాను, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే హానెట్ చేసిన పాటలు వాటితో వినండి. లైవ్ సీడీ మాత్రం స్పీకర్లలోనే. బుక్‌లెట్‌లో ఫొటోలు, వ్యాసాలు, పాటల సాహిత్యం ఉన్నాయి. అక్షరం చిన్నది, మా నాన్నకి చూపిస్తే కళ్లజోడు మార్చుకున్నారు.

పాటలు మాత్రమే కావాలనుకునేవాళ్లు దీనికి డబ్బు పెట్టొద్దు. బ్యాండ్ నడిపేవాళ్లు, నడపాలనుకునేవాళ్లు, డ్రమ్మర్ వెళ్లిపోయి రిహార్సల్ రూమ్‌లో ముగ్గురే కూర్చున్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. యూకేలో చదువుకుంటున్న చుట్టాలుంటే సెలవులకి వచ్చేముందు చెప్పండి, సూట్‌కేసులో పెద్ద జాగా పట్టదు. కొనేముందు నాలుగు సీడీలూ ఉన్నాయో లేదో తెరిచి చూడమనండి.

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో ఎవరైనా వినాలనుకుంటే అడగండి, ఇస్తాను. మూడోది మాత్రం మా డ్రమ్మర్ తమ్ముడు పట్టుకుపోయాడు. వచ్చే నెల నిజామాబాద్ ప్రోగ్రాం అయ్యాక తీసి ఇస్తాను.